పైబొత్తాం

కోర్టు భవనం వెనకవైపు, మెట్ల కింద ఒక చిన్న గది ఉంది. ఒకప్పుడు అందులో విరిగిన కుర్చీలు పడేసేవారు. ఇప్పుడు నెలకు రెండుసార్లు అక్కడ ఒక బెంచి కూర్చుంటుంది. కాగితాల మీద దానికి పొడవాటి పేరే ఉంది గాని, అందరూ మెట్లకింద కోర్టు అనే అంటారు. ఏళ్ళ తరబడి మనసు జబ్బుతో ఉన్నవాళ్ళు ఏదైనా నేరం చేసి పట్టుబడితే, ఆ నేరం జబ్బువల్లే జరిగిందని తేలితే, వాళ్ళను జైలుకు కాకుండా చికిత్సకు పంపడం దాని పని.

నేను అక్కడ తోడుమనిషిని. వకీలునీ కాదు, డాక్టర్నీ కాదు. పిలుపు వచ్చేదాకా వాళ్ళ పక్కన కూర్చుంటాను. దాహమేస్తే నీళ్ళిస్తాను. లోపల ఏమడుగుతారో ముందుగా చెప్పి భయం తగ్గిస్తాను. కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరయ్యాక, మా ఆవిడ పోయాక, ఇంట్లో గోడలతో మాట్లాడుతున్నానని ఒకరోజు నాకే తెలిసివచ్చి ఈ పనికి ఒప్పుకున్నాను. గోడలతో మాట్లాడేవాళ్ళు ఇక్కడ ఇంకా కొందరు దొరికారు. కాలక్షేపానికి లోటు లేదు.

ఆ రోజు వంతు బొత్తాలబాబుది. ఆ పేరు జైల్లో పెట్టారు. నలభై దాటిన మనిషి, సన్నగా, పొడుగ్గా ఉంటాడు. అతని అక్కకు ఒక వీధిలో కుట్టుకొట్టు ఉంది. ఆవిణ్ణి వీధంతా టైలరక్క అంటారు. కొట్లో ముందుభాగంలో ఆవిడ మిషను, కొలతల బల్ల. మధ్యలో ఒక తెర. తెర వెనక తమ్ముడు కూర్చుని చేత్తో కాజాలు తీసేవాడు, బొత్తాలు కుట్టేవాడు. ఆ కాజాలు చూసి ఊరి అవతలి నుంచి కూడా వచ్చేవారట. అవన్నీ ఆవిడ చేతివే అనుకునేవారు. తెర వెనక ఒక మనిషున్నాడని తెలిసినవాళ్ళకు కూడా ‘మా తమ్ముడు, కాస్త నెమ్మదస్తుడు’ అన్నంతవరకే తెలుసు.

అతని బాధ మెడ దగ్గర ఉండేది. జబ్బు ముదిరినప్పుడు, మెడదాకా బొత్తాం పెట్టుకున్న మనిషిని చూస్తే ఆ మనిషి ఊపిరాడక చచ్చిపోతున్నట్టు అతనికి కనిపించేది. వినిపించేది కూడానట. బొత్తాం పెట్టిన కాజా లోపల్నుంచి సన్నటి మూలుగు. ఒకసారి బస్సులో ఎదురు సీటాయన కోటు పైబొత్తాం కొరికేశాడు. ఇంకోసారి మంగలిషాపులోకి దూరి, గడ్డం చేయించుకుంటున్న ఒక పెద్దమనిషి మెడకు కట్టిన గుడ్డను, గడ్డం సగం గీసి ఉండగానే, లాక్కుని పరిగెత్తాడు. అవి చిన్న కేసులు. నవ్వుకుని వదిలేశారు.

మూడోది నవ్వుకునేది కాదు. ఒక తెల్లవారుజామున వీధి చివర లాండ్రీలోకి వెనక కిటికీ గుండా దూరి, ఇస్త్రీ చేసి వేలాడదీసిన చొక్కాలన్నిటికీ పైబొత్తాం కత్తిరించాడు. లాండ్రీ ఆయన భార్య తలుపు తీసేసరికి చీకట్లో పెద్ద కత్తెరతో ఒక మనిషి. ఆవిడ కేకవేసి వెనక్కి పడిపోయింది, మోచెయ్యి విరిగింది. అతను పారిపోలేదు. ఆవిడ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, కత్తెర చేతిలో ఉండగానే, ఆవిడ మెడ దగ్గరి బొత్తాం విప్పబోయాడు. జనం వచ్చేసరికి కనిపించింది అదీ.

మా బెంచి కాదంటే కేసు మామూలు కోర్టుకు వెళ్తుంది. పరాయి కొట్లో దూరడం, చేతిలో కత్తెర, ఆడమనిషి మెడ మీద చెయ్యి. ఏళ్ళకు ఏళ్ళు లోపల ఉండటానికి ఆ మూడూ చాలు. ఆ లోపల ఎలా ఉంటుందో అతన్ని తీసుకొచ్చిన హెడ్ కానిస్టేబుల్ నాకు చెప్పాడు.

“పొద్దున్నే వరసలో నిలబెడతారు కదా మాస్టారూ, అప్పుడు అందరూ పైబొత్తాం పెట్టుకుని, తలెత్తి నిలబడాలి. రూలు. ఈయన పక్కవాడి బొత్తాం విప్పడం, పక్కవాడు ఈయన్ని బాదడం. రోజూ ఇదే భాగోతం. రిమాండులోనే ఇలా ఉంటే, శిక్షే పడితే ఈయన మిగలడు. నా మాట రాసిపెట్టుకోండి.”

ఆ పొద్దున అతని మీద దయ చూపనివాళ్ళు లేరు. జైల్లో బార్బరు అతని వంతు కాకపోయినా గడ్డం గీసి, తల దువ్వి పంపాడు. టైలరక్క కాలరు లేని కొత్త చొక్కా కుట్టి, మడత నలగకుండా గుడ్డలో చుట్టి తెచ్చింది. హెడ్డుగారు మెట్ల దగ్గరే బేడీలు తీసేసి జేబులో వేసుకుని, తన టీలో సగం పోశాడు. నా వంతుగా నేను, లోపల అడిగే ప్రశ్నలు ఒక్కొక్కటే చెప్పి, జవాబులు నెమ్మదిగా పలికించాను. అతను బుద్ధిమంతుడైన విద్యార్థిలా అన్నీ అప్పజెప్పాడు. మాట్లాడినంతసేపూ తల ఎత్తలేదు. నా కాళ్ళ వైపే చూస్తున్నాడు.

“మీ ఎడమ చెప్పు మార్చండి సార్,” అన్నాడు చివర్లో. “మడమ దగ్గర అరిగిపోయింది. నడుము పట్టేస్తుంది.”

నిజమే, కొన్నాళ్ళుగా నడుము నొప్పి. సిగ్గరి మనిషి అనుకున్నాను, అంతే.

లోపల ఒక చిక్కు ఉందని మాత్రం నాకు తెలుసు. బెంచి తరఫున జైల్లో అతన్ని పరీక్షించిన డాక్టరమ్మకు అనుమానం ఉంది గాని ఆధారం లేదు. జైలు కాగితాల్లో ఆ బొత్తాల గొడవ ఉత్త కొట్లాటగానే ఉంది. ఆవిడ అడిగినన్నిటికీ అతను ‘అవునండీ’, ‘లేదండీ’ అంటూ చక్కగా జవాబులిచ్చాడు. పాత వైద్యం వివరాలూ లేవు. టైలరక్క అతన్ని ఎప్పుడూ ఎవరూ ఎరగని ఊళ్ళకు తీసుకెళ్ళి, వేరే పేర్లతో చూపించి, మందులు తెచ్చి, చీటీలు చింపేసేది. ఇక మిగిలింది ఆవిడ నోటిమాట. ‘వీడికి ఫలానా వయసు నుంచీ జబ్బుంది, ఆ జబ్బులోనే ఇది చేశాడు’ అని అక్క చెప్తే చాలు, మిగతాది తాను చెప్పగలనంది డాక్టరమ్మ. ఆ మాట వరండాలో నా ముందు టైలరక్క రెండుసార్లు చెప్పింది కూడా. అటూ ఇటూ చూసి, గొంతు బాగా తగ్గించి చెప్పింది. నేను ఆ తగ్గింపును పట్టించుకోలేదు.

జడ్జిగారు నడివయసావిడ. ఈ గదిలో మాత్రం ఎత్తు పీఠం వద్దని, అందరితో సమానంగా నేల మీదే కుర్చీ వేయించుకున్నారు. ఆవిడకు ఒక పక్క డాక్టరమ్మ, రెండో పక్క ప్రభుత్వ వకీలు. వకీలు మెడదాకా బిగించిన కాలరు, తెల్ల పట్టీలు, నల్ల గౌను. చెడ్డవాడు కాదు. మోచెయ్యి విరిగిన మనిషి తరఫున కూడా ఎవరో ఒకరు మాట్లాడాలి కదా. గోడవార బల్ల మీద లాండ్రీ ఆయన, సాక్ష్యానికి వచ్చిన వీధివాళ్ళు ఇద్దరు.

“ఇక్కడికి ఎందుకు తెచ్చారో తెలుసా అండీ?” అని జడ్జిగారు అతన్ని అడిగారు.

“తెలుసండీ. లాండ్రీలో తప్పు చేశానండీ.”

“అది తప్పని తెలుసా?”

“తెలుసండీ. ఇంకెప్పుడూ చెయ్యనండీ.”

నున్నటి గడ్డం, దువ్విన తల, మడత నలగని చొక్కా, వంచిన మెడ. నేను పలికించిన మాటలు నేను పలికించినట్టే వస్తుంటే నాకు చెమట పట్టడం మొదలైంది. వకీలు ఏదో రాసుకున్నాడు. డాక్టరమ్మ కలం ఆగిపోయింది. ఆ గదిలో అందరికంటే ఆరోగ్యంగా కనిపిస్తున్నది అతనే.

జడ్జిగారు టైలరక్క వైపు తిరిగారు. “అమ్మా, మీరు చెప్పండి. మీ తమ్ముడికి మనసు జబ్బు ఏమైనా ఉందా?”

ఆవిడ లేచింది. జడ్జిగారి వైపు చూడాల్సింది పోయి, ఎందుకో గోడవార బల్ల వైపు చూసింది. వీధివాళ్ళు ఆవిడ వైపే చూస్తున్నారు.

“అబ్బే, మావాడికేం లేదండీ,” అంది టైలరక్క. కొట్లో గిరాకీతో మాట్లాడినట్టు, చిన్న నవ్వుతో. “కాస్త నెమ్మదస్తుడు. అంతేనండీ.”

ఆవిడ మొహంలో నవ్వు ఇంకా ఉండగానే కళ్ళు పెద్దవయ్యాయి. తాను ఏమందో తన చెవులకు అప్పుడు చేరినట్టుంది.

వకీలు లేచాడు. “సొంత అక్కే చెప్తున్నారు మేడం. మనిషి తప్పు ఒప్పుకుంటున్నాడు, సిగ్గుపడి తలొంచుకున్నాడు. మంచిచెడ్డలు తెలిసిన మనిషికి ఆస్పత్రి ఎందుకు? మామూలు కోర్టుకు పంపేయమని కోరుతున్నాను.”

“నేను... అది కాదండీ...” అంటూ టైలరక్క మళ్ళీ గోడవార బల్ల వైపే చూసింది.

జడ్జిగారు ఒక్క క్షణం ఆవిణ్ణే చూశారు. తర్వాత కాగితాల కట్ట పక్కకు జరిపారు. “ఇంకొక కేసు ఉంది, అది చూస్తాను. ఇది మళ్ళీ పిలుస్తాను. ఈలోగా అందరూ కాసిన్ని నీళ్ళు తాగండి,” అన్నారు. ఆవిడ అప్పుడే ఏదో ఒకటి రాసి పంపేయొచ్చు. రాయలేదు.

వరండా చివర హెడ్డుగారి పక్కన అతను కూర్చున్నాడు, నేల చూస్తూ. ఇటు చివర బల్ల మీద టైలరక్క, నేను. ఎందుకలా అన్నారని నేను అడగలేదు. నీళ్ళ సీసా మూత తీసి ఇచ్చాను.

“నేననలేదు మాస్టారూ,” అంది. “అదే వచ్చేసింది. పాలాయన అడిగినా అదే, ఇంటి ఓనరు అడిగినా అదే, చుట్టాలు అడిగినా అదే. ‘మావాడికేం లేదండీ.’ ఊళ్ళోవాళ్ళ మొహాలు కనబడగానే నా నోరు దానంతటదే తిరిగిపోతుంది. మా అమ్మ పోతూపోతూ నాకు అప్పజెప్పింది వాణ్ణి కాదు, ఆ మాటని.”

“తను మరీ చక్కగా జవాబులు చెప్పాడమ్మా. నేను నేర్పకుండా ఉండాల్సింది.”

“మీరు నేర్పింది ఇవాళ. నేను నేర్పింది వాడి చిన్నప్పటినుంచి.” ఆవిడ తమ్ముడి వైపు చూపించింది. “తల ఎత్తడం లేదు చూశారా? వకీలుగారేమో సిగ్గు అన్నారు. సిగ్గా పాడా! ‘బయటికెళ్తే ఎవరి మెడా చూడకురా నాన్నా, కాళ్ళు చూడు’ అని నేనే చెప్పాను. ఊరికే చూడమంటే విసుగేస్తుందని, ఎవరి చెప్పులు ఎక్కడ అరిగాయో చూసొచ్చి నాకు చెప్పరా అన్నాను. వాడికి ఈ ఊళ్ళో ఒక్క మొహం తెలీదు మాస్టారూ. కాళ్ళన్నీ తెలుసు.”

నాకు నా ఎడమ చెప్పు గుర్తొచ్చింది.

“జైల్లో కూడా, వరసలో నిలబెట్టినప్పుడు తప్ప, అదే చేస్తున్నాడన్నమాట.”

“డాక్టరమ్మ దగ్గర కూడా అదే చేసుంటాడు. ఆవిడ కాళ్ళు చూస్తూ అవునండీ, లేదండీ. పైకి చూస్తే కదా జబ్బు.”

అంతలో లాండ్రీ ఆయన వచ్చాడు. పొట్టి మనిషి, చేతుల మీద ఇస్త్రీపెట్టె పాత మచ్చలు. కోపంతో వచ్చినవాడు, ఏడుస్తున్న ఆడమనిషిని చూసి కాస్త దూరంలోనే ఆగిపోయాడు. అయినా ఉండబట్టలేకపోయాడు.

“ఏం అమ్మాయ్, మీవాడికేం లేదా? ఏమీ లేనివాడు నా కొట్లో చొక్కాలన్నీ బోడి చేశాడా? ఏమీ లేనివాడు మా ఆవిడ గొంతు పట్టుకున్నాడా?”

“గొంతు పట్టుకోలేదు బాబాయ్.”

“మరి?”

“పిన్నికి ఊపిరాడటం లేదనుకున్నాడు. పైబొత్తాం విప్పుదామనుకున్నాడు.” ఆవిడ నీళ్ళ సీసా కింద పెట్టింది. “వాడికి జబ్బు బాబాయ్. ఎప్పటినుంచో ఉంది.”

లాండ్రీ ఆయన వచ్చి బల్ల చివర కూర్చున్నాడు. “మా ఆవిడ ఇప్పటికీ మెడ మీద చెయ్యేసుకునే పడుకుంటోంది,” అన్నాడు, ఈసారి కోపం లేకుండా. “ఎందుకు, ఏం చేద్దామని వచ్చాడు అని అడుగుతుంది. నేనేం చెప్పను? ఈ ముక్క లోపల చెప్పి ఏడవొచ్చు కదే!”

“చెప్తే రేపు మీ కోడలు నా కొట్టుకు గుడ్డలిస్తుందా బాబాయ్? పిచ్చివాడు కుట్టిన కాజా అంటే వీధిలో ఎవరైనా ఒంటి మీద వేసుకుంటారా?”

ఆయన నేల చూశాడు. ఇస్తుందని అనలేదు, ఇవ్వదని అనలేదు. అబద్ధంతో ఓదార్చకపోవడం కూడా ఒక మర్యాదే అనిపించింది నాకు.

“అక్కా,” అని వరండా అటు చివర నుంచి అతను పిలిచాడు, తల ఎత్తకుండానే. “బాబాయ్ చెప్పులు కొత్తవి. కరుస్తున్నట్టున్నాయి. కొబ్బరినూనె రాయమను.”

లాండ్రీ ఆయన తన చెప్పులు చూసుకున్నాడు. నెమ్మదిగా కుడికాలు బయటికి తీశాడు. చిటికెన వేలు ఎర్రగా ఉంది.

లోపల్నుంచి పిలుపు వచ్చింది.

ఈసారి టైలరక్క కూర్చోకుండానే మొదలుపెట్టింది. “ఇందాక నేను చెప్పింది అబద్ధమండీ.” ఈసారి గొంతు తగ్గించలేదు. “మా తమ్ముడికి జబ్బుంది. మీసాలు వచ్చే వయసులో మొదలైంది. మొదట్లో గోడకు చెవి ఆనించి కూర్చునేవాడు. తర్వాత మా నాన్న చొక్కాలన్నీ కోసేశాడు. మందులు వేస్తే ఆర్నెల్లు బాగుంటాడు. బాగుంటే నేనే మానిపించేసేదాన్ని, ఎవరైనా మాత్రలు చూస్తారని. లాండ్రీలో ఇది జరగడానికి ముందు కూడా నేనే మానిపించాను. కొత్తగా పక్కింట్లోకి ఒక కుటుంబం దిగింది, వాళ్ళకు తెలుస్తుందని.” ఆవిడ గోడవార బల్ల వైపు చూసింది. ఈసారి కావాలనే చూసింది. “మీరందరూ వేసుకున్న చొక్కాలకు కాజాలు తీసింది వీడే. నేను కాదు.”

వీధివాళ్ళలో ఒకాయన చెయ్యి తన చొక్కా మీదికి వెళ్ళి, అక్కడే ఉండిపోయింది.

డాక్టరమ్మ ప్రశ్నలు అడిగింది. ఏ మందులు, ఎంత కాలం, నిద్ర ఎలా ఉండేది, మూలుగు ఎప్పుడెప్పుడు వినిపించేది. టైలరక్క చెప్తూ పోయింది. అంతా అయ్యాక డాక్టరమ్మ జడ్జిగారితో, తనకిప్పుడు సందేహం లేదంది.

వకీలు మాత్రం లేచాడు. “మేడం, ఇందాక లేదన్నారు, ఇప్పుడుందంటున్నారు. మధ్యలో వరండాలో ఏం మాట్లాడుకున్నారో మనకు తెలీదు. ఇంత జబ్బున్న మనిషి ఇంత ప్రశాంతంగా ఎలా నిలబడ్డాడు?”

“మీ కాళ్ళు చూస్తున్నాడు కాబట్టి నిలబడ్డాడండీ,” అంది టైలరక్క. చెప్పుల సంగతి కూడా చెప్పేసింది.

“అయితే తల ఎత్తమనండి. చూద్దాం.”

టైలరక్క తమ్ముడి ముందుకు వచ్చి నిలబడింది, అడ్డంగా. “వద్దండీ. అది మాత్రం అడగకండి.”

జడ్జిగారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. “పరీక్ష పెట్టడానికి కాదమ్మా. చికిత్సకు వెళ్ళడానికి తనంతట తను ఒప్పుకోవాలి. నేర్పిన మాట కాకుండా తన మాట నేను వినాలి. కాళ్ళతో మాట్లాడితే అది నాకు చాలదు.” అంటూనే ఆవిడ మెడ వెనక్కి చేతులు పోనిచ్చి తెల్ల పట్టీలు విప్పారు. పైబొత్తాం తీశారు. కాలరు రెండు పక్కలా వదులుగా పడింది. ఆ గదిలో జడ్జి అలా కూర్చోకూడదు. ఆవిడ కూర్చున్నారు. గుమ్మం దగ్గర హెడ్డుగారు గొంతు సవరించుకున్నట్టు నటిస్తూ ఖాకీ కాలరు సడలించుకున్నాడు. నా చొక్కాకు పైబొత్తాం ఎప్పుడో ఊడిపోయింది. మా ఆవిడ పోయాక కుట్టేవాళ్ళు లేరు, ఆ లోటు ఆ పూట పనికొచ్చింది.

“ఇప్పుడు నన్ను చూడండి బాబూ,” అన్నారు జడ్జిగారు.

అతను అక్క వైపు చెయ్యి చాచాడు. ఆవిడ పట్టుకుంది. తల కొంచెం కొంచెంగా లేచింది. జడ్జిగారి మెడ చూశాడు. ఏమీ కాలేదు. మొహం చూశాడు. ఎన్నాళ్ళకో ఒక కొత్త మనిషి మొహం చూస్తున్నాడని నాకు తెలుసు గనుక, ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. అటునుంచి చూపు పక్కకు జరిగింది.

పక్కన వకీలు ఉన్నాడు, మెడదాకా బిగించిన కాలరుతో.

అతని చెయ్యి తన గొంతు మీదికి పోయింది. ఊపిరి ఈలలా వచ్చింది. పెదాలు నల్లబడ్డాయి. “పోతున్నాడు, పోతున్నాడు, అక్కా, ఆయన పోతున్నాడు!” అంటూ బల్ల మీదికి వంగాడు. హెడ్డుగారు పరిగెత్తుకొచ్చి వెనకనుంచి నడుం పట్టుకున్నాడు, గట్టిగా కాదు, పడిపోకుండా. అతని కళ్ళలో కోపం లేదు. ఎదురుగా ఒక మనిషి చచ్చిపోతుంటే అందరూ చేతులు ముడుచుకుని కూర్చున్నారేమిటన్న భయం, అంతే.

వకీలు మొహం పాలిపోయింది. ఎవరూ చెప్పకుండానే అతని రెండు చేతులూ మెడ దగ్గరికి వెళ్ళాయి. పట్టీలు లాగి పారేశాడు. బొత్తాం రాలేదు. కొత్త చొక్కా. గట్టిగా లాగాడు.

“లాగకండి సార్,” అన్నాడు బొత్తాలబాబు, ఎగశ్వాసలోనే. “పక్కకు తిప్పండి. కాజా చిన్నది తీశాడు, దర్జీ వెధవ. తిప్పి తొయ్యండి.”

వకీలు తిప్పి తోశాడు. బొత్తాం వచ్చింది. గదిలో అందరం ఒక్కసారే ఊపిరి వదిలాం. వకీలు కూడా. అతను అలాగే కుర్చీలో కూలబడి, తెరిచిన కాలరు మీద చెయ్యి పెట్టుకుని, “నేనిక చెప్పేదేమీ లేదు మేడం,” అన్నాడు నెమ్మదిగా.

బొత్తాలబాబు ఊపిరి కుదురుకునేదాకా జడ్జిగారు ఆగారు. తర్వాత అడిగారు. “ఆస్పత్రికి పంపుతాను. మందులు వెయ్యాలి, మానకూడదు. నేను చెప్పేదాకా ఇంటికి రాకూడదు. వెళ్తారా?”

‘ఒప్పుకుంటున్నానండీ’ అని నేను నేర్పాను. అతను ఆ మాట అనలేదు.

“అక్కడ తలుపులు మూస్తారా?”

“రాత్రిపూట మూస్తారు,” అంది డాక్టరమ్మ. నిజమే చెప్పింది.

“చొక్కాలకు పైబొత్తాం ఉంటుందా?”

“అక్కడి చొక్కాలకు కాలరే ఉండదు.”

అతను ఆలోచించాడు. “కాజాలు తియ్యనిస్తారా?”

“సూది ఇప్పుడే ఇవ్వరు. కొన్నాళ్ళు పోయాక అడుగుదాం.”

“కొన్నాళ్ళు పోయాక,” అని తనలో తాను అనుకున్నాడు. అక్క చెయ్యి ఇంకా పట్టుకునే ఉన్నాడు. “అయితే వెళ్తానండీ. నేను లేస్తానేమోనని ఈవిడ పడుకోదు. కుర్చీలో కూర్చునే కునుకుతుంది. నేనక్కడుంటే ఈవిడ పడుకుంటుంది.”

జడ్జిగారు రాశారు. చికిత్స మధ్యలో మానేస్తే కేసు మళ్ళీ మామూలు కోర్టుకు వెళ్తుందని కూడా రాశారు. అందులో మెత్తదనం లేదు. లాండ్రీ ఆయన్ను ఏమైనా చెప్పుకునేది ఉందా అని అడిగారు. ఆయన లేచి నిలబడ్డాడు.

“చెప్పుకునేదేముందండీ. మా ఆవిడకు వెళ్ళి ఇదంతా చెప్పుకోవాలి.” కాస్త ఆగి, “గిరాకీలు బోడి చొక్కాలు పట్టుకుని నా ప్రాణం తీస్తున్నారు. ఆ బొత్తాలు కుట్టేదెవరు?”

“పంపు బాబాయ్,” అంది టైలరక్క. “నేను కుడతాను.”

ఆస్పత్రి బండి వచ్చింది. హెడ్డుగారు ఎదురు సీట్లో ఎక్కాడు, కాలరు అలాగే వదిలేసి. బేడీలు జేబులోనే ఉన్నాయి. బండి కదిలేముందు బొత్తాలబాబు కిటికీలోంచి తల బయటపెట్టి నా కాళ్ళ వైపు చూశాడు. తర్వాత, ఏదో గుర్తొచ్చినట్టు, పైకి చూసి నా మొహం చూశాడు.

“ఎడమ చెప్పు సార్,” అన్నాడు.

కొన్ని వారాల తర్వాత, వాన ఒకటి రెండు జల్లులు కురిసి వెలిసిన ఒక సాయంత్రం నేను కుట్టుకొట్టుకు వెళ్ళాను, కొత్త చెప్పులతో, పైబొత్తాం లేని నా చొక్కాతో. టైలరక్క మిషను దగ్గర లేదు. తెర సగం పక్కకు జరిపి, వెనక తమ్ముడి పీట మీద కూర్చుని, లాండ్రీ మూట విప్పుకుని బొత్తాలు కుడుతోంది. కళ్ళ కింద నల్లటి చారలు తగ్గాయి. పడుకుంటున్నారా అని అడగబోయి మానేశాను. చూస్తే తెలుస్తోంది.

“వాడు అడుగుతున్నాడు, మాస్టారు చెప్పులు మార్చారా అని,” అంది నన్ను చూసి. “ఆదివారం నాతో వచ్చి చూపించండి. నా మాట నమ్మడు.”

కొట్టు పల్చగా ఉంది. బల్ల మీద మునుపు గుట్టగా ఉండే గుడ్డలు ఇప్పుడు కొన్నే ఉన్నాయి. నేను అటు చూడటం గమనించి ఆవిడ భుజాలు ఎగరేసింది. లాండ్రీ ఆయన కోడలు మాత్రం గుడ్డలివ్వడం మానలేదట. ఆయన భార్య ఇంకా ఇటు రాలేదట.

అప్పుడే ఎవరో ఒకావిడ చేతిలో కొత్త గుడ్డతో లోపలికి వచ్చింది. ఆ వీధికి కొత్తలా ఉంది. టైలరక్క లేచి టేపు అందుకుంది. వచ్చినావిడ కొలతలిస్తూ తెర వెనక ఖాళీ పీట వైపు చూసింది.

“ఇక్కడ కాజాలు బాగా తీస్తారని చెప్పారు. మీ తమ్ముడటగా తీసేది? కనబడరేం?”

టైలరక్క చేతిలో టేపు ఆగింది. పెదాలు కదిలాయి. ఆ చిన్న నవ్వు, గిరాకీ నవ్వు, మొహం మీదికి రావడం నేను చూశాను. వచ్చి, కాసేపు ఉండి, పోయింది.

“ఆస్పత్రిలో ఉన్నాడండీ.”

“అయ్యో, ఏమైంది?”

“మనసు జబ్బు. పాతదే.”

వచ్చినావిడ చేతిలో గుడ్డను కాస్త దగ్గరికి లాక్కుంది. నా వైపు చూసింది, ఖాళీ పీట వైపు చూసింది. టైలరక్క టేపు పట్టుకుని ఎదురుచూస్తూ నిలబడింది. బతిమాలలేదు, నవ్వలేదు.

“మరి కాజాలు?” అంది ఆవిడ చివరికి.

“ప్రస్తుతానికి నేనే తీస్తున్నాను. వాడంత బాగా రావు,” అంది టైలరక్క. “చేతులు పైకెత్తండి.”

ఆవిడ ఒక్క నిమిషం ఆలోచించి, చేతులు పైకెత్తింది.